ఆంపర్ అన్న ఒక్క మాట

ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదటిసారి విన్న రోజే నాకు అనుమానం పుట్టింది. అందులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను. ఒకాయన పని చేసే కాంట్రాక్టు కంపెనీ మనిషి. ఇంకొకాయన ఆ పని సరిగ్గా జరిగిందో లేదో చూసి సంతకం పెట్టాల్సిన మనిషి. అలాంటి ఇద్దరు, ఆఫీసులో మరెవరికీ అర్థం కాని భాషలో, కిటికీ దగ్గర నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే చూసేవాళ్లకు ఏమనిపిస్తుంది?

ఒమన్‌లో, సలాలా నుంచి తీరం వెంబడి గంటసేపు వెళితే వచ్చే ఒక చిన్న చేపల రేవు అది. అలల ధాటికి పడవలు దెబ్బతినకుండా సముద్రంలోకి పొడవాటి రాతి గట్టు కడుతున్నారు. పని నాణ్యత చూసే కన్సల్టెంట్ ఆఫీసులో నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేయడం, ఎవరి సంతకం ఎప్పుడు పడిందో రాసుకోవడం, వైర్‌లెస్ సెట్ దగ్గర కూర్చుని వచ్చిన కబుర్లు అందజేయడం నా ఉద్యోగం. మాది కాకినాడ. మా ఆయన సలాలాలో ఒక ఇండియన్ స్కూల్లో ఇంగ్లీషు చెబుతారు. రోజూ పొద్దున్నే కంపెనీ కారు వచ్చి నన్ను తీసుకెళ్లి, సాయంత్రం దింపేది.

సంతకం పెట్టే పెద్దాయన మా రెసిడెంట్ ఇంజనీరు. నెదర్లాండ్స్ మనిషి, అరవైకి దగ్గర పడినవాడు. పొడుగ్గా, కాస్త వంగి ఉండేవాడు. కాంట్రాక్టరు తరఫున సముద్రం పని చూసే సూపరింటెండెంటుది దక్షిణాఫ్రికా. భారీ మనిషి, ఎండకు ఎర్రగా కమిలిన మెడ, ఏ కాలమైనా నిక్కరే.

కాంట్రాక్టరు దగ్గర ఫోర్‌మన్ ఒకాయన మాత్రం మనవాడు. జగిత్యాల దగ్గర పల్లె. సగం జీవితం గల్ఫ్ సైట్ల మీదే గడిచింది. రోజూ ఉదయం ఆ రోజు చేయబోయే పనుల కాగితాలు ఆయనే తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. ఒకరోజు అడిగాను.

"అన్నా, ఆ ఇద్దరిదీ ఏం భాష?"

"ఒక్కటే బాస మేడం. గోరోళ్ల బాస. ఇంగ్లీషు గాదు గనీ గసుంటిదే."

"ఏం మాట్లాడుకుంటారో తెలుసా?"

"మనకెందుకు మేడం. మా సార్ అయితే మంచోడు. ఎప్పుడు జూసినా నన్ను భయ్యా అనే అంటడు."

నాకు నమ్మకం కుదరలేదు. ఆ సూపరింటెండెంటు ఎవరినీ భయ్యా అని పిలిచే రకంలా కనిపించలేదు. చెవిపెట్టి విన్నాను. ఫోర్‌మన్ ఏదైనా పని బాగా చేస్తే ఆయన అనే మాట "బాయ ఖుట్". కాగితం అందిస్తే "బాయ డాంకి". ఆ 'బాయ'నే మనవాడు భయ్యా అనుకుంటున్నాడు. ఫోన్‌లో డిక్షనరీ పెట్టుకుని వెతికితే, అది ఆఫ్రికాన్స్ అనే భాషలో 'చాలా' అన్న అర్థం ఇచ్చే మాట అని తేలింది. చాలా బాగుంది, చాలా థాంక్స్, అంతే. ఈ సంగతి ఫోర్‌మన్‌కి నేను చెప్పలేదు. ఆయన ఆ పిలుపు తలుచుకుని సంతోషపడుతున్నాడు.

అప్పటినుంచి నా డైరీ వెనక పేజీల్లో వాళ్ల మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకోవడం మొదలుపెట్టాను. సరదా కోసం అని మా ఆయనతో చెప్పాను. కానీ సరదా కోసం కాదు. నాకు తెలియకుండా నా ఎదుటే ఏదో జరుగుతోందని నా గట్టి అనుమానం.

ఆ అనుమానానికి ఊతం ఒక కాగితం. సముద్రం అడుగున పరిచిన పునాది రాళ్లను తనిఖీ చేసినట్టు ఇంజనీరు సంతకంతో ఒక ఫారం ఒకరోజు ఉదయం నా బల్ల మీదికి వచ్చింది. గట్టు మీదికి వెళ్లే ప్రతి కారూ నా దగ్గర నమోదు అవుతుంది. ఆ రోజు, దాని ముందు రోజు కూడా, ఆయన కారు కదలలేదు. చూడకుండా సంతకం ఎలా పెట్టారు? నంబరు వేసి ఫైల్లో పెట్టాను. కానీ పెట్టేముందు ఫొటో తీసి ఉంచుకున్నాను.

ఇంకో రోజు సలాలాలో మీటింగు ముగించుకుని వాళ్లిద్దరూ నేనూ ఒకే కారులో తిరిగి వస్తున్నాం. కొబ్బరితోటల పక్కన కొబ్బరి బోండాలు, అరటిగెలలు అమ్మే దుకాణాల వరస దగ్గర కారు ఆపారు. వేలాడుతున్న గెలను చూపిస్తూ సూపరింటెండెంటు 'పీసాంగ్' అన్నాడు. ఇంజనీరు పకపకా నవ్వి "బనాన్, బనాన్" అన్నాడు. మళ్లీ 'పీసాంగ్' అని తనలో తాను అనుకుని ఇంకాస్త నవ్వాడు. సూపరింటెండెంటు నవ్వలేదు. అరటిపళ్లు కొనకుండానే కారెక్కి కూర్చున్నాడు. దారిలో ఇంజనీరు నావైపు తల తిప్పి, అతనితో ఏదో అన్నాడు. అందులో 'మెవ్రౌ' అన్నది అర్థమైంది, అంటే మేడం. దాని తర్వాత వచ్చిన మాట 'ఆర్దిఖ్'. సూపరింటెండెంటు నన్ను ఎగాదిగా చూసి ఊరుకున్నాడు.

ఇంటికి రాగానే చెప్పులు విడవకుండానే ఫోన్ తీశాను. ఆఫ్రికాన్స్ డిక్షనరీలో ఆర్దిఖ్ అంటే వింతైన, విడ్డూరమైన, చూస్తే ఇబ్బంది కలిగించే అని ఉంది. ఏడాదిగా ఆయన కాగితాల్లో ఒక్క నంబరు తప్పు పోకుండా చూసుకున్న మనిషిని నేను. విడ్డూరం మనిషినా?

మా ఆయన నా జాబితా తీసుకుని చదివారు. పిల్లల కాంపోజిషన్ దిద్దే అలవాటు వల్ల కాబోలు, ఆయన దృష్టి వేరే చోట పడింది.

"ఇక్కడ చూడు. ఒకరిది 'ఇక్ బెన్' అని రాశావు. ఇంకొకరిది 'ఎక్ ఇస్' అని రాశావు. రెండూ 'నేను ఉన్నాను' అనే కదా?"

"అలాగే వినిపించింది మరి."

"సరిగ్గానే విన్నావు. ఇవి రెండు భాషలు. మీ ఇంజనీరుది డచ్చి. నేను, నువ్వు, మేము అని మారినప్పుడల్లా క్రియ కూడా మారుతుంది. రెండో ఆయనది ఆఫ్రికాన్స్. ఎవరికైనా అదే 'ఇస్'. మూడు నాలుగు వందల ఏళ్ల కిందట డచ్చి ఓడలు ఆఫ్రికా కొసన ఆగాయి. అక్కడ స్థిరపడ్డ వాళ్లు మాట్లాడిన డచ్చే, అక్కడివాళ్ల నోళ్లలో, బానిసలుగా తెచ్చిన మలయా వాళ్ల నోళ్లలో నలిగి ఇలా అయింది. ఆ పీసాంగ్ మలయా మాటే."

"మరి ఇది చూడండి. ఈయన ఏదైనా కాదు అనాలంటే రెండుసార్లు అంటాడు. మధ్యలో ఒక 'నీ', చివర మళ్లీ ఇంకో 'నీ'."

"అది ఆ భాష పద్ధతి. డచ్చిలో ఒక్కసారే. 'నీట్' అంటారు."

ఇంత చెప్పినా నా మనసు తేలికపడలేదు. రెండు భాషలైతే మాత్రం ఏం? ఒకరిది ఒకరికి అర్థమవుతోంది. నాకు కావడం లేదు. ఆర్దిఖ్ అన్న మాటను డచ్చి డిక్షనరీలో కూడా చూడాలన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు. కోపంగా ఉన్నప్పుడు దొరికిన మొదటి అర్థమే సరిపోతుంది.

ఆ వారంలోనే ఒకరోజు ఇంజనీరు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అప్పుడే ఫోర్‌మన్ కాగితాలిచ్చి వెళ్లాడు.

"ఆయన మీ బంధువా?" అని అడిగాడు.

"కాదు. మా భాష మనిషి."

"రోజూ చాలాసేపు మాట్లాడతారు మీరు."

"కాగితాల గురించే సార్."

"కావచ్చు" అని వెళ్లిపోయాడు. అప్పుడు గానీ నాకు తోచలేదు. నేను కన్సల్టెంట్ మనిషిని, ఫోర్‌మన్ కాంట్రాక్టరు మనిషి. మా ఇద్దరి తెలుగు ఆయన చెవికి ఎలా వినిపిస్తోందో నేనెప్పుడూ ఆలోచించలేదు. అయినా జాలి పడలేదు. తను చేసేది నాకు అంటగడుతున్నాడని ఇంకా మండింది.

జూన్ వచ్చింది. సలాలాలో ఖరీఫ్ అంటే పంట కాదు, రుతువు. జూన్ చివరికల్లా కొండల మీద పొగమంచు దిగుతుంది, తుంపర మొదలవుతుంది, సముద్రం పొంగి మూడు నెలలపాటు ఏ పనీ చేయనివ్వదు. అంతలోపల గట్టు కొసను పెద్ద రాళ్లతో కప్పేయాలి. లేకపోతే అప్పటిదాకా పరిచిన చిన్న రాళ్లన్నీ అలలు లాక్కుపోతాయి. అందరిలోనూ కంగారు ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం సముద్రం అప్పుడే ఎగసిపడుతోంది. గట్టు కొస మలుపుకి అవతల పడవ ఉంది. దాని కింద నీళ్లలో ఇద్దరు డైవర్లు చివరి వరస పునాది రాళ్లు సర్దుతున్నారు. సూపరింటెండెంటు ఆ పడవలో ఉన్నాడు. గట్టు మీద క్రేన్ పెద్ద రాయి పట్టుకుని సిద్ధంగా ఉంది. క్రేన్‌కి చేతి సైగలు చేసే పని ఫోర్‌మన్‌ది. ఇంజనీరు క్రేన్ పక్కనే నిలబడ్డాడు. నేను ఆఫీసులో, వైర్‌లెస్ సెట్ దగ్గర.

సెట్‌లో ఇంజనీరు డచ్చిలో ఏదో అడిగాడు. సూపరింటెండెంటు గొంతు, గాలి హోరులోంచి, జవాబు చెప్పింది: "డీ డైకర్స్ ఇస్ ఆంపర్ క్లార్." అలవాటు కొద్దీ డైరీ వెనక్కి తిప్పి ఆ మాట రాసుకున్నాను. పక్కన టైమ్ కూడా వేశాను, మూడూ పది. డైకర్స్ అంటే డైవర్లు, క్లార్ అంటే పని అయిపోవడం అని అప్పటికే తెలుసు. ఆంపర్ అన్నది కొత్త మాట.

ఐదు నిమిషాలైనా కాలేదు. సెట్‌లో ఒక్కసారి కేకలు. హిందీలో ఆపు, ఆపు అని. ఆ తర్వాత సూపరింటెండెంటు అరుపులు, తన భాషలోనే, తెగకుండా. నేను మాట్లాడితే ఎవరూ జవాబివ్వలేదు. కాసేపటికి నా మొబైల్ మోగింది. ఫోర్‌మన్.

"మేడం, డైవర్ పోయిండు. అంబులెన్స్‌ల..." అంతవరకే. లైన్ తెగిపోయింది.

ఇద్దరిలో ఎవరో చెప్పలేదు. ఇద్దరూ కేరళ కుర్రాళ్లే, పొద్దున్నే నా దగ్గరే హెల్త్ కార్డులు చూపించి వెళ్లారు. మళ్లీ మళ్లీ ఫోన్ చేశాను. కలవలేదు. ప్రమాదం జరిగితే వెంటనే మస్కట్‌లో ఘాలాలోని మా హెడ్డాఫీసుకి చెప్పాలన్నది నియమం. చెప్పాను. ఒక డైవర్ చనిపోయాడని చెప్పాను.

పావుగంట తర్వాత ఫోర్‌మన్ ఆఫీసుకే వచ్చాడు. బట్టలన్నీ తడిసి ఉన్నాయి.

"ఏ ఆస్పత్రికి తీసుకెళ్లారన్నా శవాన్ని?" అన్నాను.

ఆయన నన్ను చూసి బిత్తరపోయాడు. "శవం ఏంది మేడం? పిలగాడు మంచిగనే ఉన్నడు. భుజానికి దెబ్బ తాకింది, గంతే. అంబులెన్స్‌ల దవాఖానకు పోయిండని నేను మీకు జెప్తి గదా."

మా వైపు మనిషి పోయాడంటే చనిపోయాడనే. వాళ్ల వైపు పోయిండంటే వెళ్లాడని. ఏడాదిగా ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బజారుకు పోయిండు, డ్యూటీకి పోయిండు. ఒక్కసారీ తికమకపడలేదు. ఆ రోజు మాత్రం భయంతో వినేసరికి నా చిన్నప్పటి అర్థమే ముందుకొచ్చింది. హెడ్డాఫీసుకి మళ్లీ ఫోన్ చేసి, డైవర్ బతికే ఉన్నాడని చెప్పాను.

జరిగింది ఇది. పడవ నుంచి జవాబు వినగానే ఇంజనీరు క్రేన్‌ని రాయి దించమన్నాడు. ఫోర్‌మన్ సైగ చేశాడు. రాయి నీళ్లలో పడ్డాక, ఫోర్‌మన్ రెండు అడుగులు పక్కకు జరిగేసరికి, మలుపు అవతల పడవ మీద డైవర్లు నీళ్లలో ఉన్నారని తెలిపే నీలం తెలుపు జెండా ఇంకా ఎగురుతూ కనిపించింది. రెండో రాయి కోసం కదులుతున్న క్రేన్‌ను చేతులెత్తి ఆపేశాడు. పడిన రాయి డైవర్‌కి దూరంగానే పడింది, కానీ ఆ నీటి ఊపుకి అతను గట్టు రాళ్లకు కొట్టుకున్నాడు.

రెండు రోజుల్లో విచారణకు ఒక ఒమానీ సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. నెమ్మదస్తుడు, యాభై ఏళ్లుంటాయి. ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. ఇంజనీరు, "డైవర్ల పని ముగిసిందని అతనే చెప్పాడు" అన్నాడు. సూపరింటెండెంటు, "ముగియలేదని నేను స్పష్టంగా చెప్పాను" అన్నాడు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారని అందరికీ అనిపించింది. నాకైతే ఇద్దరూ కలిసి ఏదో దాస్తున్నారనిపించింది. సూపరింటెండెంటు ఇంకో మాట కూడా అన్నాడు. జెండా చూడకుండా సైగ చేసిన ఫోర్‌మన్‌ది తప్పని. ఆ సాయంత్రమే ఫోర్‌మన్‌ని డ్యూటీ నుంచి ఆపి రూమ్‌లో కూర్చోబెట్టారు.

నా వంతు వచ్చింది. బతికున్న మనిషిని చనిపోయాడని ఎందుకు చెప్పారు అని ఆఫీసరు అడిగాడు. పోయిండు సంగతి చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు.

"మీరిద్దరూ మాట్లాడేది ఒకే భాష అన్నారు కదా?"

"ఒకే భాష సార్. కానీ ఆ ఒక్క మాట మా ఊళ్లో ఒకటి, వాళ్ల ఊళ్లో ఒకటి."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "మా ఆవిడది ఇక్కడి కొండ మీద ఊరు. వాళ్లింట్లో మాట్లాడేది అరబిక్ కాదు, జబ్బాలీ. పెళ్లయి ఇన్నేళ్లయినా మా అత్తగారు నా గురించి ఏమంటుందో నాకు తెలీదు" అన్నాడు. తర్వాత మామూలుగా ఇంకో రెండు ప్రశ్నలు అడిగి పంపేశాడు.

బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాక నాకు తట్టింది. మాది ఒకే భాష అయితేనే ఇంత జరిగింది. వాళ్లవి రెండు భాషలు.

ఇంటికి వెళ్లి, వంట పక్కన పెట్టి, డైరీ తీశాను. ఈసారి రెండు డిక్షనరీలూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఆంపర్. ఆఫ్రికాన్స్‌లో, దాదాపు. డచ్చిలో, అతికష్టం మీద, ఇప్పుడే. డైవర్ల పని దాదాపు అయిపోయింది, అంటే ఇంకా కొంచెం ఉంది అని ఒకరు అన్నారు. డైవర్ల పని ఇప్పుడే అయింది అని ఇంకొకరు విన్నారు. రెండుసార్లు, మూడుసార్లు చూశాను. తర్వాత నాకే భయం వేసి, ఆర్దిఖ్ కూడా చూశాను. డచ్చిలో ఆ మాటకు మంచి మనిషి, కలుపుగోలు మనిషి అని అర్థం.

మా ఆయన అంతా విని అన్నారు. "ఇది చూపిస్తే వాళ్ల తగువు తీరుతుంది. కానీ ఏడాదిగా వాళ్ల మాటలు చాటుగా రాసుకుంటున్నావని కూడా తెలుస్తుంది. ఆలోచించుకో."

"ఏమంటారంటారు?"

"నేనైతే మళ్లీ నీ ఎదుట నోరు విప్పను."

ఆలోచించాను. ఫోర్‌మన్ రూమ్‌లో కూర్చుని ఉన్నాడు. తప్పంతా ఆయన మీదికి నెట్టడం వాళ్లకు తేలిక. మరునాడు డైరీ తీసుకెళ్లి ఆఫీసరు ముందు పెట్టాను. తెలుగు అక్షరాలు ఆయనకు తెలియవు కాబట్టి చదివి వినిపించాను.

ఆయన తెలివైన పని చేశాడు. ఇద్దరినీ పిలిచి, ఏమీ చెప్పకుండా, చెరొక చీటీ ఇచ్చి, ఆంపర్ అంటే ఏమిటో ఇంగ్లీషులో రాయమన్నాడు. చీటీలు తిప్పి బల్ల మీద పెట్టాడు. ఒకదాని మీద 'దాదాపు' అని అర్థం వచ్చే మాట, రెండోదాని మీద 'ఇప్పుడే, అతికష్టం మీద' అని అర్థం వచ్చే మాట. సూపరింటెండెంటు చాలాసేపు ఆ చీటీలనే చూశాడు. ఇంజనీరు మాత్రం చీటీలను చూడలేదు. నన్ను చూశాడు.

"ఎన్నాళ్ల నుంచి రాస్తున్నారు?"

"ఏడాది నుంచి సార్."

"ఎందుకు?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "మీరిద్దరూ కుమ్మక్కయ్యారనుకున్నాను. పునాది రాళ్లు చూడకుండానే సంతకం పెట్టారనుకున్నాను."

ఆయన ముఖం ఎర్రబడింది. ఆ తనిఖీకి తను తెల్లవారుజామున ఒక చేపల పడవ మాట్లాడుకుని వెళ్లానని, కారులో వెళితే కాంట్రాక్టరుకి ముందే తెలిసిపోతుందని అలా చేశానని చెప్పాడు. అంటే ఆయనకు సూపరింటెండెంటు మీద నమ్మకం లేదు. ఆ మాట అతని ఎదుటే చెప్పాడు. నిజమే అయి ఉండవచ్చు. ఆ పడవ ఎవరిదో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

తప్పు ఎక్కువగా ఇంజనీరుదేనని ఆఫీసరు రాశాడు. జెండా దిగేదాకా ఆగకుండా రాయి దించమనే అధికారం ఆయనకు లేదు. సెట్‌లో ఇంగ్లీషు వాడనందుకు ఇద్దరికీ హెచ్చరిక. క్రేన్ ఆపినందుకు ఫోర్‌మన్ పేరు మంచిగా రాశాడు. ఆయన్ను మర్నాడే డ్యూటీకి పిలిచారు. నాకు హెడ్డాఫీసు నుంచి ఒక లెటర్ వచ్చింది. చనిపోయాడన్న కబురు సరిచూసుకోకుండా చెప్పినందుకు. అది న్యాయమే.

వారం తర్వాత సూపరింటెండెంటు కాగితం కోసం వచ్చి, కూర్చోనా అని అడిగి, కూర్చున్నాడు. అంతకుముందెప్పుడూ అడగలేదు.

"మేమేం మాట్లాడుకునేవాళ్లమనుకున్నారు?" అన్నాడు.

"తెలీదు."

"ఎక్కువగా ఆయన నన్ను దిద్దేవాడు. నా భాష ఆయన చెవికి మూడేళ్ల పిల్లాడి డచ్చిలా ఉంటుందట. మా అమ్మ మాట్లాడిన భాష అది. నవ్వేవాడు. మా పనికి సంతకం పెట్టే మనిషి కదా, నేనేమంటాను? మీకు వినపడకూడదని మెల్లగా మాట్లాడేవాణ్ణి. మీరూ నవ్వుతారేమోనని."

ఫోర్‌మన్ మాట తీరు చూసి మొదటి నెలలో నేనూ ఇంటికెళ్లి మా ఆయన దగ్గర నవ్విన రోజులున్నాయి. అది ఈయనకు చెప్పలేదు. ఫోర్‌మన్ మీదికి తప్పు నెట్టిన సంగతి ఆయనా ఎత్తలేదు. కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. ఖరీఫ్‌కి పని ఆగేసరికి ఆయనను బురైమి వైపు ఇంకో ప్రాజెక్టుకి మార్చారు. సముద్రం పనులు చూసే మనిషికి ఆ ఎడారి ఊళ్లో ఏం పనో ఎవరూ అడగలేదు.

ఆఫీసులో కొత్త నియమం గోడకు అంటించారు. పనివేళల్లో అందరూ ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ మాట్లాడాలి. అది వైర్‌లెస్ సెట్ కోసం పెట్టిందే అయినా, కాగితం అంటించింది మాత్రం నా బల్లకు ఎదురుగా. ఫోర్‌మన్ రోజూ వచ్చి హిందీలో గుడ్ మార్నింగ్ చెప్పి, హిందీలో కాగితాలు లెక్కచెప్పి, హిందీలో వెళ్లిపోయేవాడు. నేనూ హిందీలోనే జవాబిచ్చేదాన్ని. ఇంజనీరు తల ఎత్తేవాడు కాదు. మేము మాట్లాడుతున్నంతసేపూ ఆయన కీబోర్డు చప్పుడు మాత్రం ఆగిపోయేది.

తుంపర మొదలైన రోజు ఫోర్‌మన్ సెలవు మీద ఇంటికి వెళుతూ చెప్పిపోవడానికి వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి, "మేడం, మై జా రహా హూ" అని హిందీలో మొదలుపెట్టి, ఇంజనీరు బల్లవైపు చూసి ఆగాడు. ఇంజనీరు లేచి, గొడుగు తీసుకుని, మా ఇద్దరి మధ్యనుంచి బయటికి నడిచి తలుపు వేశాడు. మమ్మల్ని మాట్లాడుకోనిద్దామనో, మరెందుకో. పల్చటి కిటికీ అద్దం అవతల, వానలో, నల్లటి గొడుగు కదలకుండా నిలబడి ఉండడం కనిపిస్తూనే ఉంది.

"ఎన్ని నెలలన్నా సెలవు?" అన్నాను తెలుగులో.

"రెండు నెలలు మేడం" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. అందులో తగ్గించి చెప్పాల్సిందేమీ లేదు.

"ఇంట్లో అందరినీ అడిగానని చెప్పండి."

"జెప్త మేడం."

ఆయన నమస్కారం పెట్టి వెళ్లాడు.

కాసేపటికి ఇంజనీరు లోపలికి వచ్చి, గొడుగు మూల పెట్టి, "వెళ్లాడా?" అని అడిగాడు.

"వెళ్లాడు సార్" అన్నాను.

ఆయన తల ఊపి తన పనిలో పడ్డాడు.